పంచదార లేని తీపి, పేగుల్లోని బ్యాక్టీరియా, రక్తంలో షుగర్: ఈ మూడింటికీ ముడి ఎక్కడ పడింది?

విశాఖ బీచ్ రోడ్డులో పొద్దున్నే నడకకు వచ్చేవాళ్ల కబుర్లలో ఈమధ్య ఒక వాదన తరచూ వినిపిస్తోంది. "టీలో పంచదార మానేశాను మాస్టారూ, షుగర్ ఫ్రీ బిళ్ల వేసుకుంటున్నాను" అంటారొకరు. "అయ్యో, వాటివల్లే షుగర్ వస్తుందటండీ. పేగుల్లో మంచి బ్యాక్టీరియా అంతా చచ్చిపోతుందట, వాట్సాప్‌లో చూడలేదా?" అంటారు పక్కాయన. మూడో ఆయన కలగజేసుకుని, "ఆ గొడవంతా ఎందుకండీ, అనకాపల్లి బెల్లం వేసుకోండి, ఏమీ కాదు" అని తేల్చేస్తారు.

మూడో మాట సంగతి ముందే చెప్పేయవచ్చు, అందులో చిక్కేమీ లేదు. బెల్లంలో ఎక్కువ భాగం పంచదారలో ఉండే సుక్రోజే. కాస్త ఖనిజాలు, రంగు, రుచి అదనం. రక్తంలో షుగర్ విషయానికొస్తే అది పంచదారకు దగ్గరి చుట్టమే. మొదటి ఇద్దరి మాటలు అలా కాదు. రెండింటిలోనూ కొంత నిజముంది, రెండూ సగమే. మిగతా సగం తెలియాలంటే ఆ బిళ్లలో ఉన్నది ఏమిటో, అది నోరు దాటాక ఎక్కడికి పోతుందో చూడాలి.

బిళ్లలో ఏముంది: ఒకే పేరు కింద అరడజను పదార్థాలు

నాలుక మీద తీపిని పసిగట్టే గ్రాహకాలు ఉంటాయి. పంచదార వాటికి అతుక్కుంటే మెదడుకు "తీపి" అన్న కబురు వెళుతుంది. పంచదారతో పోలికే లేని కొన్ని పదార్థాలు కూడా అవే గ్రాహకాలకు, అంతకంటే గట్టిగా అతుక్కుంటాయి. అందుకే చిటికెడు కూడా అక్కర్లేదు, కొన్ని మిల్లీగ్రాములు చాలు. క్యాలరీ లేని తీపి అంటే ఇదే. కొన్నింటికి క్యాలరీలు అసలే ఉండవు. అస్పార్టేమ్‌కు గ్రాముకు 4 క్యాలరీలున్నా, వేసేది మరీ తక్కువ గనుక లెక్కలోకి రావు.

వీటిలో శాకరిన్ అన్నిటికంటే పాతది. 1879లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ప్రయోగశాలలో బయటపడింది. పంచదార కంటే 300 నుంచి 400 రెట్లు తీపి. 1965లో అస్పార్టేమ్ వచ్చింది, అది సుమారు 200 రెట్లు. ఎసిసల్ఫేమ్ పొటాషియం తీపి కూడా ఇంచుమించు అంతే, డైట్ కూల్‌డ్రింకుల్లో దీన్ని అస్పార్టేమ్‌తో కలిపి వాడుతుంటారు. 1976లో లండన్‌లో కనిపెట్టిన సుక్రలోజ్ 600 రెట్లు తీపి. పంచదార అణువులో మూడుచోట్ల క్లోరిన్ చేరిస్తే సుక్రలోజ్ అవుతుంది. స్టీవియా ఒక మొక్క ఆకు నుంచి తీసేది, మన దేశంలో 2015 నుంచి ఆహారంలో దీనికి అనుమతి ఉంది. ఎరిత్రిటాల్ షుగర్ ఆల్కహాల్ అనే మరో కుటుంబానిది, దాని తీపి పంచదార కంటే తక్కువే.

ప్యాకెట్ వెనుక పేరు రాయకుండా అంకె ఒక్కటే వేసినా గుర్తుపట్టవచ్చు. 950 ఎసిసల్ఫేమ్, 951 అస్పార్టేమ్, 954 శాకరిన్, 955 సుక్రలోజ్, 960 స్టీవియా, 968 ఎరిత్రిటాల్. ద్వారకానగర్‌లో ఏ సూపర్‌మార్కెట్‌కు వెళ్లి ప్రొటీన్ పొడి డబ్బా, "నో యాడెడ్ షుగర్" బిస్కట్ ప్యాకెట్, రుచుల పెరుగు కప్పు తిప్పి చూసినా ఈ అంకెలు కనిపించే అవకాశం ఉంది. "నేను షుగర్ ఫ్రీ జోలికే పోను" అనుకునేవాళ్లు కూడా తెలియకుండానే వీటిని తింటూ ఉండవచ్చు.

నోరు దాటాక ఏది ఎక్కడికి పోతుంది

నా దృష్టిలో ఈ వివాదానికి కీలకం ఇక్కడే ఉంది. వార్తల్లోనూ వాట్సాప్‌లోనూ జారిపోయేది కూడా ఇదే. పేగుల్లోని బ్యాక్టీరియా దాదాపు అంతా పెద్దపేగులో ఉంటుంది. కాబట్టి ఏ తీపి పదార్థం గురించైనా ముందు అడగాల్సింది, అది పెద్దపేగు దాకా చేరుతుందా అని.

అస్పార్టేమ్ చేరదు. చిన్నపేగులోనే ఎంజైములు దాన్ని ఫినైల్ అలనైన్, అస్పార్టిక్ ఆమ్లం, కొద్దిపాటి మిథనాల్‌గా విడగొట్టేస్తాయి. మొదటి రెండూ పప్పులోనూ పాలలోనూ ఉండే అమైనో ఆమ్లాలే. ఫినైల్‌కీటోన్యూరియా అనే అరుదైన జన్యులోపం ఉన్నవాళ్లు ఫినైల్ అలనైన్‌ను అరిగించుకోలేరు, ప్యాకెట్ మీద హెచ్చరిక వాళ్ల కోసమే.

ఎసిసల్ఫేమ్ రక్తంలో కలిసి, ఏ మార్పూ లేకుండా మూత్రంలో పోతుంది. ఎరిత్రిటాల్‌లో కూడా అత్యధిక భాగం దారి అదే. శాకరిన్‌లో చాలావరకు మూత్రంలోకే పోయినా, కొంత పెద్దపేగుకు చేరుతుంది. సుక్రలోజ్ కథ తలకిందులు. దాదాపు 85 శాతం రక్తంలోకి వెళ్లకుండా పేగుల వెంట సాగి, ఉన్నది ఉన్నట్టే మలంలో పోతుంది. అంటే దారి పొడవునా బ్యాక్టీరియాను ఒరుసుకుంటూ పోతుంది. స్టీవియాకైతే బ్యాక్టీరియా సాయమే కావాలి. దానికున్న గ్లూకోజ్ తోకలను పెద్దపేగులోని బ్యాక్టీరియా కత్తిరించాకే మిగిలిన స్టీవియాల్ ఒంటికి పడుతుంది, తర్వాత కాలేయం దాన్ని మూత్రంలోకి పంపేస్తుంది.

ఇన్ని దారుల్లో పోయేవాటిని ఒకే గాటన కట్టి "షుగర్ ఫ్రీ మంచిదా, చెడ్డదా" అని అడిగితే సరైన జవాబు దొరకదు.

తాగగానే రక్తంలో షుగర్ పెరుగుతుందా

పెరగదు. వీటిలో గ్లూకోజ్‌గా మారి రక్తంలో కలిసేది ఏదీ లేదు. అయినా "బిళ్ల వేసుకున్న టీ తాగి చూసుకుంటే మీటర్‌లో 30 పాయింట్లు పెరిగింది" అనేవాళ్లు అబద్ధమాడుతున్నారని కాదు. అసలు లెక్క చూద్దాం.

గాజువాకలో ఉండే ఒకాయన సాయంత్రం టీ తాగారనుకుందాం. కప్పులో 100 మిల్లీలీటర్ల పాలు. అందులో సుమారు 5 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది, అది పాలలోని సహజమైన చక్కెర. దాంతో నాలుగు మేరీ రకం బిస్కట్లు తిన్నారు. ఒక్కోదానిలో సుమారు 4 గ్రాముల పిండిపదార్థం, మొత్తం 16. పాలు, బిస్కట్లు కలిపి 21 గ్రాములు. పాత అలవాటు ప్రకారం రెండు చెంచాల పంచదార వేసుంటే ఇంకో 10 చేరి 31 అయ్యేది. బిళ్ల వల్ల తగ్గింది ఆ 10 గ్రాములే. మీటర్‌లో పెరిగింది మిగతా 21 గ్రాముల పుణ్యం. షుగర్ ఫ్రీ కోవా, షుగర్ ఫ్రీ సున్నుండల విషయమూ అంతే. పంచదార లేకపోయినా కోవాలో పాలచక్కెర, సున్నుండలో మినప్పిండి ఎక్కడికీ పోవు.

ఇన్సులిన్ దగ్గరకొస్తే వ్యవహారం కొంచెం మెలిక తిరుగుతుంది. తీపి గ్రాహకాలు నాలుక మీదే కాదు, పేగు గోడల్లోనూ ఉన్నాయి. 2013లో అమెరికాలో స్థూలకాయం ఉన్న 17 మందికి 75 గ్రాముల గ్లూకోజ్ తాగించే ముందు ఒకసారి మామూలు నీళ్లు, మరోసారి సుక్రలోజ్ కలిపిన నీళ్లు ఇచ్చారు. సుక్రలోజ్ తాగిన రోజు ఇన్సులిన్ సుమారు 20 శాతం ఎక్కువ ఊరింది. వీళ్లంతా అలాంటి తీపి పెద్దగా అలవాటు లేనివాళ్లు. ఇదే తరహా మరికొన్ని పరీక్షల్లో తేడా కనిపించలేదు.

2020లో యేల్ విశ్వవిద్యాలయ బృందం ఇంకో కోణం చూపింది. రెండు వారాల్లో ఏడు డ్రింకులు. ఒక గుంపుకు సుక్రలోజ్ మాత్రమే, ఇంకో గుంపుకు పంచదార మాత్రమే, మూడో గుంపుకు సుక్రలోజ్‌తో పాటు మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండిపదార్థం కలిపి ఇచ్చారు. ఇన్సులిన్‌కు శరీరం స్పందించే తీరు మందగించింది మూడో గుంపులోనే. చిన్న అధ్యయనమే, దీన్ని పట్టుకుని తీర్పు చెప్పలేం. కానీ నాకు ఇది మామూలు సంగతిగా అనిపించలేదు, ఎందుకంటే మనలో బిళ్ల వేసిన టీని ఒట్టిగా తాగేవాళ్లు తక్కువ. పక్కన బిస్కట్టో ఉప్మానో ఉండాల్సిందే.

మాల్టోడెక్స్‌ట్రిన్ ఎక్కడో ప్రయోగశాల సరుకు అనుకోనక్కర్లేదు. రెండు చెంచాల పంచదారకు సమానమని చెప్పే ఒక గ్రాము సాచెట్ తీసుకోండి. 10 గ్రాముల పంచదార తీపికి కావలసిన సుక్రలోజ్ సుమారు 17 మిల్లీగ్రాములు. మిగతా 983 మిల్లీగ్రాములు ఏమిటి? అంత సూక్ష్మమైన పొడిని చేత్తో పట్టుకోవడానికి వీలుగా కలిపే నింపుడు పదార్థం, అంటే చాలావాటిలో మాల్టోడెక్స్‌ట్రిన్, డెక్స్‌ట్రోజ్ లేదా లాక్టోజ్. ఒక గ్రాముతో షుగర్ పెరగదు. రోజుకు పది సాచెట్లయితే రెండు చెంచాల పిండిపదార్థం చేరినట్టే.

బ్యాక్టీరియాకు షుగర్‌తో ఏం పని

పెద్దపేగులోని బ్యాక్టీరియా మనం అరిగించుకోలేని పీచును తిని బతుకుతుంది. అలా తిన్నప్పుడు ఎసిటేట్, ప్రొపియొనేట్, బ్యూటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలు తయారవుతాయి. బ్యూటిరేట్ పేగు గోడ కణాలకు తిండి. ఈ ఆమ్లాలు పేగులోని ప్రత్యేక కణాలను తట్టి జీఎల్‌పీ-1 అనే హార్మోన్‌ను విడుదల చేయిస్తాయి. భోజనం తర్వాత ఇన్సులిన్ సరిగ్గా ఊరడానికి సాయపడే హార్మోన్ అది. ఇప్పుడు బరువు తగ్గడానికి వాడుతున్న సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ అనుకరించేది దీన్నే.

పేగు గోడ బలహీనపడితే కొన్ని రకాల బ్యాక్టీరియా పైపొర తునకలు రక్తంలోకి చేరతాయి, సన్నగా వాపు మొదలవుతుంది, ఇన్సులిన్ మాట శరీరం వినడం తగ్గుతుంది. కాబట్టి ఏదైనా పదార్థం బ్యాక్టీరియా పొందికను మార్చగలిగితే, తనలో గ్లూకోజ్ లేకపోయినా చుట్టుదారిలో షుగర్‌ను ప్రభావితం చేయగలదు. సిద్ధాంతంగా ఇందులో తప్పులేదు. అది నిజంగా జరుగుతోందా అన్నదే ప్రశ్న.

2014లో ఎలుకలు, 2022లో మనుషులు

ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎరాన్ ఎలినావ్, ఎరాన్ సెగల్ బృందాలు 2014లో 'నేచర్' పత్రికలో ప్రచురించిన పరిశోధనతో ఈ చర్చ వేడెక్కింది. ఎలుకల తాగునీటిలో శాకరిన్, సుక్రలోజ్, అస్పార్టేమ్ కలిపి 11 వారాలు ఇచ్చారు. గ్లూకోజ్ తాగించి చూస్తే, పంచదార నీళ్లు తాగిన ఎలుకల కంటే వీటిలో షుగర్ ఎక్కువగా పెరిగింది. యాంటీబయాటిక్స్ ఇచ్చి పేగుల్లోని బ్యాక్టీరియాను చంపితే ఆ తేడా మాయమైంది. తర్వాత, శాకరిన్ తాగిన ఎలుకల మలాన్ని, పుట్టుకతో బ్యాక్టీరియానే లేకుండా పెంచిన ఎలుకల్లోకి ఎక్కించారు. ఒక్క చుక్క శాకరిన్ ఎరగని ఈ కొత్త ఎలుకలకూ అదే లోపం వచ్చింది. దోషం బ్యాక్టీరియా ద్వారానే వస్తోందనడానికి ఇది గట్టి రుజువు. కాకపోతే ఎలుకల్లో.

ఆ పత్రంలోనే ఏడుగురు మనుషులకు అనుమతించిన గరిష్ఠ మోతాదులో శాకరిన్ ఇచ్చారు. వారం లోపే నలుగురిలో గ్లూకోజ్ నియంత్రణ దెబ్బతింది, ముగ్గురిలో ఏ మార్పూ లేదు. ఏడుగురితో ఏం తేలుతుందని విమర్శకులు అడిగారు. సబబైన ప్రశ్నే.

దానికి జవాబుగా అదే బృందం 2022లో 'సెల్' పత్రికలో పెద్ద ప్రయోగం ప్రచురించింది. ఇలాంటి తీపి అసలు వాడనివాళ్లు కావాలని వెతికితే, వెయ్యి మందికి పైగా జల్లెడ పట్టాక 120 మంది దొరికారు. వాళ్లను ఆరు గుంపులు చేశారు. నాలుగు గుంపులకు అస్పార్టేమ్, శాకరిన్, సుక్రలోజ్, స్టీవియా సాచెట్లు, ఐదో గుంపుకు సాచెట్లలో నింపుడుగా ఉండే గ్లూకోజ్ మాత్రమే, ఆరో గుంపుకు ఏమీ లేదు. రెండు వారాలు, అదీ అనుమతించిన పరిమితికి లోపలే. నాలుగు రకాలూ పేగుల్లోని బ్యాక్టీరియాను ఏదో ఒక మేరకు మార్చాయి. షుగర్ నియంత్రణను చెడగొట్టినవి మాత్రం శాకరిన్, సుక్రలోజ్. పెద్దపేగుకు చేరని అస్పార్టేమ్ షుగర్‌ను కదిలించలేదు.

అక్కడితో ఆగలేదు. ఒక్కో గుంపులో బాగా స్పందించినవాళ్ల బ్యాక్టీరియాను, స్పందించనివాళ్ల బ్యాక్టీరియాను వేరువేరుగా ఎలుకల్లోకి ఎక్కించారు. ఎవరి బ్యాక్టీరియా ఎక్కిందో ఎలుకల షుగర్ చాలావరకు వాళ్లదానిలాగే నడిచింది. ఇప్పటిదాకా వచ్చినవాటిలో నాకు అన్నిటికంటే జాగ్రత్తగా చేసినట్టు కనిపించిన పని ఇదే. "షుగర్ ఫ్రీ వల్ల షుగర్ వస్తుంది" అని ఇది చెప్పలేదు. కొందరి పేగులు స్పందిస్తాయి, కొందరివి స్పందించవు, ఆ తేడా వాళ్ల బ్యాక్టీరియాలో ముందునుంచే ఉంది అని చెప్పింది.

ఏమీ కాలేదన్న అధ్యయనాలు

2021లో అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం బృందం ఆరోగ్యవంతులకు రెండు వారాలు, రోజుకు 400 మిల్లీగ్రాముల శాకరిన్ ఇచ్చింది. బ్యాక్టీరియా మారలేదు, షుగర్ మారలేదు, ఎలుకల్లోనూ మారలేదు. 2019లో 34 మంది పురుషులకు వారం రోజులు, రోజుకు 780 మిల్లీగ్రాముల సుక్రలోజ్ ఇచ్చిన ప్రయోగంలోనూ తేడా కనిపించలేదు.

ఇవి చిన్న మోతాదులు కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం జీవితాంతం రోజూ తీసుకున్నా ఫరవాలేదని చెప్పే పరిమితి శాకరిన్‌కు కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు, సుక్రలోజ్‌కు 15, అస్పార్టేమ్‌కు 40. మనిషి బరువు 60 కిలోలు అనుకుంటే శాకరిన్ పరిమితి 300 మిల్లీగ్రాములు. ఒక చెంచా పంచదార తీపికి 13 నుంచి 17 మిల్లీగ్రాముల శాకరిన్ పడుతుంది కాబట్టి, సుమారు 20 చెంచాలతో పరిమితి నిండిపోతుంది. సుక్రలోజ్‌కు 900 మిల్లీగ్రాములు, అంటే వంద చెంచాలు దాటాలి. అస్పార్టేమ్‌కూ దాదాపు వంద చెంచాలే. రోజుకు నాలుగు టీలు తాగేవాళ్లు దీని దరిదాపుల్లోకి రారు. శాకరిన్ పరిమితి మాత్రం మిగతావాటి కంటే చాలా దగ్గర, ఈ తేడా గమనించదగ్గది.

మరి ఒకచోట మార్పు, ఇంకోచోట లేకపోవడం ఎలా? సగటు తీస్తే కొందరిలోని మార్పు మిగతావాళ్లలో కలిసిపోతుందని వైజ్‌మన్ బృందం వాదన. మార్పు నిజమైతే ఇతర ప్రయోగశాలల్లోనూ కనిపించాలి కదా, రెండు వారాల అలజడి ఏళ్ల తరబడి నిలుస్తుందని ఎవరు చూశారు అని అవతలివాళ్ల ప్రశ్న. రెండు వాదనల్లోనూ బలముంది.

లక్షమంది లెక్కలు, 2023 మార్గదర్శకం

ఫ్రాన్స్‌లో లక్షమందికి పైగా తిండి అలవాట్లు నమోదు చేసిన అధ్యయనంలో, ఇలాంటి తీపి ఎక్కువ వాడేవాళ్లలో టైప్-2 మధుమేహం ఎక్కువగా కనిపించింది. దీన్ని చదివి గుండె గుభేలుమనే ముందు ఒకటి ఆలోచించాలి. డైట్ కూల్‌డ్రింక్ ఎవరు తాగుతారు? బరువు పెరిగినవాళ్లు, ఇంట్లో అమ్మకో నాన్నకో షుగర్ ఉన్నవాళ్లు, "బోర్డర్‌లో ఉంది" అని డాక్టర్ హెచ్చరించినవాళ్లు. అంటే ముప్పు ముందు వచ్చి, బిళ్ల తర్వాత వచ్చి ఉండవచ్చు. పరిశోధకులు బరువు వంటివాటిని లెక్కలో సర్దుతారు గానీ, ఆ సర్దుబాటు ఎప్పుడూ పూర్తిగా కుదరదు.

2023 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ బరువు తగ్గడం కోసం ఈ తీపి పదార్థాలను వాడవద్దని సూచించింది. మన దగ్గర ఆ వార్త "షుగర్ ఫ్రీ ప్రమాదం" అన్న శీర్షికలతో తిరిగింది. అసలు పత్రంలో రెండు సంగతులున్నాయి. ఒకటి, అది షరతులతో కూడిన సిఫారసు, రుజువులు గట్టిగా లేవని వాళ్లే చెప్పారు. రెండోది, ఇప్పటికే మధుమేహం ఉన్నవాళ్లకు అది వర్తించదు. భారత వైద్య పరిశోధన మండలి 2023లో దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని అంచనా కట్టింది. ఆ వార్త చూసి వీళ్లలోనూ కొందరు కంగారుపడి ఉండవచ్చు, కానీ అది వీళ్లను ఉద్దేశించి చెప్పిందే కాదు.

మన టీ కప్పులో పరీక్షిస్తే

చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ 2024లో ప్రచురించిన ప్రయోగం మన అలవాటుకు దగ్గరగా ఉంది. టైప్-2 మధుమేహం ఉన్న 179 మందిలో ఒక వర్గం టీ, కాఫీల్లో పంచదార బదులు 12 వారాలు సుక్రలోజ్ వాడింది, రెండో వర్గం పంచదారే కొనసాగించింది. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీలో రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. చెడిపోలేదు, బాగుపడనూ లేదు. బరువు, నడుము చుట్టుకొలత కొద్దిగా తగ్గాయి. 2025లో యూరప్ నుంచి వచ్చిన ఏడాది పొడవు ప్రయోగంలోనూ, బరువు తగ్గినవాళ్లు దాన్ని నిలబెట్టుకోవడానికి ఈ తీపి కాస్త తోడ్పడింది. పేగుల్లోని బ్యాక్టీరియా మారింది గానీ, అక్కడ పెరిగినవాటిలో మేలుచేసే కొవ్వు ఆమ్లాలు తయారుచేసే రకాలున్నాయి. బ్యాక్టీరియా "మారింది" అన్నంత మాత్రాన "చెడింది" అనుకోకూడదని ఇది చెబుతోంది.

బ్యాక్టీరియాను తరచి చూసిన ప్రయోగాలు మాత్రం ఎక్కువగా ఇజ్రాయెల్, అమెరికా, యూరప్ జనం మీద జరిగినవి. పీచు, గింజలు ఎక్కువగా తినే భారతీయుల పేగుల్లో ప్రివోటెల్లా అనే జాతి ఎక్కువని ఇక్కడి పరిశోధనలు చూపాయి. మాంసం, కొవ్వు ఎక్కువ తినే పాశ్చాత్యుల్లో బ్యాక్టీరాయిడీస్‌దే పైచేయి. స్టీవియా తోకలను కత్తిరించే పని ముఖ్యంగా చేసేది ఆ బ్యాక్టీరాయిడీసే. స్పందన ముందునుంచి ఉన్న బ్యాక్టీరియాను బట్టే ఉంటుందన్న 2022 నాటి ఫలితం నిజమైతే, చోడి (రాగి) అంబలి, తరవాణి (పులిసిన గంజి) తాగి, రెండు పూటలా అన్నం తినే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ మనుషుల్లో ఆ స్పందన వేరుగా ఉండవచ్చు. విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) షుగర్ ఓపీకి ఈ జిల్లాల నుంచి రోజూ వచ్చేవాళ్లలో ఒప్పుకున్న కొందరితో, రెండు వారాల సాచెట్లు, మల నమూనాలు, చేతికి అంటించే గ్లూకోజ్ సెన్సర్లతో అలాంటి ప్రయోగం ఇక్కడే జరపవచ్చు.